మెరిట్ గట్టుకి డబ్బెవరివ్వాలి?

బ్రిటిష్ కొలంబియాలోని మెరిట్ మనలో చాలామందికి కోకిహల్లా హైవే మీద గ్యాస్ కోసం ఆగే ఊరుగానే తెలుసు. జనాభా ఏడు వేల చిల్లర. 2021 నవంబర్ 15న కోల్డ్‌వాటర్ నది పొంగి మురుగునీటి శుద్ధి ప్లాంటును ముంచేసింది. ఊరు ఊరంతా ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

గట్లు కట్టుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వాన్ని సాయం అడిగితే 2024లో కుదరదన్నారు. ప్రిన్స్‌టన్‌కీ, అబాట్స్‌ఫర్డ్‌కీ అదే జవాబు. అబాట్స్‌ఫర్డ్‌లోని సూమాస్ ప్రెయిరీలోకి 2025 డిసెంబరులో నీళ్ళు మళ్ళీ వచ్చాయి.

నాకు అర్థం కానిది ఒక్కటే. వరద వచ్చాక నష్టం ఒక స్థాయి దాటితే, 1970 నుంచీ ఉన్న విపత్తు సహాయ పథకం కింద ఫెడరల్ ప్రభుత్వం ప్రావిన్సు ఖర్చులో 90 శాతం దాకా భరిస్తుంది. దానికి పోటీ లేదు, లెక్క ప్రకారం వస్తుంది. వరద రాకుండా ఆపుకుంటామంటే మాత్రం దరఖాస్తు పెట్టి మిగతా ఊళ్ళతో పోటీ పడాలి! 2018లో ఈ పనులకోసం నిధి పెట్టినప్పుడు ప్రాజెక్టు కనీసం 2 కోట్ల డాలర్లది ఉండాలన్నారు. ఆ హద్దు తర్వాత తగ్గించారనుకోండి. అయినా కన్సల్టెంట్లకే డబ్బు చాలని ఊరు పెద్ద నగరాలతో ఏం పోటీ పడుతుంది?

డబ్బు దొరికిన ఊరూ ఉంది. 2018 మేలో మునిగిన గ్రాండ్ ఫోర్క్స్‌కి మరుసటి ఏడాది రెండు ప్రభుత్వాలూ కలిసి 5 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించాయి. గట్లతో పాటు, నార్త్ రకిల్ పేటలో ఇళ్ళు కొని ఆ నేలను నదికి వదిలెయ్యాలన్నది పథకం. మంచి ఆలోచనే. కానీ ధర వరద తర్వాతి విలువ ప్రకారం అనేసరికి ఇళ్ళవాళ్ళు గోలపెట్టారు. పెట్టరా మరి? మునిగిన ఇంటికి వచ్చే ధరతో ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

ముందే ఖర్చు పెడితే ఏమవుతుందో విన్నిపెగ్ చూపించింది. 1950 వరద తర్వాత డఫ్ రాబ్లిన్ పట్టుబట్టి తవ్వించిన కాలువకి 6.3 కోట్ల డాలర్లయింది, సగానికి పైగా ఆటవాదే. "డఫ్ గారి గుంట" అని వెక్కిరించారు. 1997లో ఎర్రనది పొంగినప్పుడు నగరాన్ని కాపాడింది ఆ గుంటే.

2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ మునిగినప్పుడు మనమంతా చందాలు వేశాం. గట్ల సంగతి అంతకుముందు ఎవరం అడిగాం? ఇక్కడ ఓటు ఉన్నవాళ్ళం మన ఎంపీలని ఒక్క ప్రశ్న వెయ్యొచ్చు: నష్టానికి ఉన్న లెక్క గట్టుకి ఎందుకు లేదు?