ఆగస్టు 7 తర్వాత కూడా ఇదే ఊళ్లో బతకాలి

మారిషస్ తెలుగు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! 1967 ఆగస్టు 7, సోమవారం. ఆ ఎన్నికల రోజు ముంచుకొచ్చేసింది. గెలిచినవాళ్లు శాసనసభలో తీర్మానం చేస్తే స్వాతంత్ర్యం ఇస్తామని బ్రిటన్ 1965లో లండన్ సమావేశంలోనే చెప్పింది. రామ్‌గులామ్ గారి ఇండిపెండెన్స్ పార్టీ స్వాతంత్ర్యం కావాలంటోంది. దువాల్ గారి పీఎంఎస్‌డీ బ్రిటన్‌తో అనుబంధం చాలంటోంది. మీ ఓటు మీ ఇష్టం. నా భయమల్లా ఓటు చుట్టూ రాజుకుంటున్న నిప్పు గురించి.

1965 మే నెల అప్పుడే మరిచిపోయామా? మన త్రువా బుతిక్‌లో మొదలైన గొడవ ప్రాణాలు తీసింది. ఎమర్జెన్సీ వచ్చింది, బ్రిటిష్ సైనికులు దిగారు. అప్పుడు ఎన్నికలు దగ్గర్లో కూడా లేవు.

జాంజిబార్‌ను చూడండి. మనలాంటి చిన్న దీవే. 1961 జూన్ ఎన్నికల అల్లర్లలో 68 మంది పోయారు. 1963 డిసెంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. రెండు నెలలైనా నిండకుండా, జనవరిలోనే తిరుగుబాటు. భారతీయుల దుకాణాలు లూటీ అయ్యాయి. బ్రిటిష్ గయానాలో 1964లో చెరకు తోటల్లో పక్కపక్కన బతికిన భారతీయులు, ఆఫ్రికన్లు ఒకరినొకరు చంపుకున్నారు. ఎవరూ రాత్రికి రాత్రి రాక్షసులైపోలేదు. ముందు మాటలు మారాయి. తర్వాత ఇళ్లు మారాయి.

అందుకే కళ్లు తెరిచి చూడండి. మీ వీధిలో క్రియోల్ కుటుంబం ఉన్నట్టుండి సామాను సర్దుకుంటోందా? ముస్లింల కొట్లో సరుకు కొనొద్దని ఎవరైనా చెబుతున్నారా? కుర్రాళ్లకు ఉచితంగా రమ్ పోస్తున్నారా? ఇంటి వెనక రాళ్లు, కర్రలు పోగవుతున్నాయా? "పక్క ఊళ్లో మనవాళ్లను కొట్టారట" అని వచ్చినవాణ్ణి అక్కడే ఆపండి. కొట్టిందెవరు, దెబ్బలు తిన్నదెవరు, చూసిందెవరు అని అడగండి. జవాబు రాకపోతే ఆ కబురు మీ గడప దాటనివ్వకండి. తుఫాను హెచ్చరిక వినగానే తలుపులు బిగించుకునే మనం ఈ సంకేతాలను మాత్రం గాలికి వదిలేయకూడదు.

బూత్‌లోనూ మోసపోకండి. మన దీవిలో ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు, కాబట్టి మీరు మూడు గుర్తులు పెట్టాలి. "మనవాడొక్కడికే వేసి వచ్చెయ్" అనే మాట వింటే మీ ఓటే చెల్లకుండా పోతుంది. ఓడిపోతే తమకిక చోటే ఉండదని హడలిపోతున్న ఇరుగుపొరుగుకు ఇంకో సంగతి చెప్పండి. ఎన్నికయ్యే 62 మందితో పాటు, ఓడినవారిలోంచి మరో ఎనిమిది మందికి చోటుంది. తక్కువ ప్రాతినిధ్యం దక్కిన సముదాయాల కోసమే ఆ ఏర్పాటు. చాలామందికి ఇది తెలియదు. తెలియకపోవడం వల్లే భయం పెరుగుతోంది.

పెద్దలారా, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. పోలింగ్ ముందు ఆదివారం, గుడి నుంచి ఇంటికి వెళ్లకముందే, చర్చి పెద్దలను, మసీదు పెద్దలను కలవండి. ఫలితం ఏదైనా ఎవరి వీధిలో వాళ్లే ఉందామని మాట తీసుకోండి, మీరూ ఇవ్వండి. గెలిస్తే ఊరేగింపును ఓడినవాళ్ల గుమ్మాల ముందుకు తీసుకెళ్లకండి. లెక్కింపు పూర్తయ్యేదాకా పిల్లల్ని ఓట్లు లెక్కించే చోటి చుట్టుపక్కలకు పోనివ్వకండి. రాయి లేచిందని తెలిస్తే మీ కుర్రాళ్లను పంపకండి, పోలీసులకు కబురు పంపండి. ఎవరైనా భయపడి మీ తలుపు తడితే, ఏ పార్టీ అని అడగకుండా లోపలికి రానివ్వండి.