షోలాపురపు యాత్రలో నేతపేటకు చోటేది?

పురాతన నగరములను ఒక్క పగటిలో చూపి పంపెడు యాత్రలు నేడు లోకమంతట వర్ధిల్లుచున్నవి. కరిబియను ద్వీపములలో స్పెయినువారు కట్టుకొనిన సాంతో డొమింగో నగరమునకు సముద్రతీరపు విడుదుల నుండి యాత్రికుల బస్సులు వచ్చుచుండును. 1990లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ పాతబస్తీలో, అమెరికా ఖండములలో మొట్టమొదటిదైన కెథీడ్రలును, కొలంబసు కుమారుని సౌధమును చూచి వారు సాయంకాలమునకు మరలిపోవుదురు. ఆ వలసరాజ్యమునకై వెట్టిచాకిరి చేసి నశించిన తాయినో జాతివారును, బానిసలుగా తేబడిన ఆఫ్రికావారును ఆ పగటి కథనమున ఎంత చోటు పొందుదురో, ఆ యాత్రకు అంతమాత్రమే విలువ యని నా నమ్మకము. ఈ కొలతతోనే మనకు చేరువనున్న షోలాపురమును చూడగోరుచున్నాను.

తుల్జాపురము, పండరిపురము, అక్కల్‌కోట, గాణగాపురము దర్శింపబోవు తెలుగు యాత్రికులు షోలాపురమున ఒక పూట ఆగుట పరిపాటి. భుయికోట బురుజులను, చెరువు నడుమ వెలసిన సిద్ధేశ్వరాలయమును, చీనాలో క్షతగాత్రులకు చికిత్స చేయుచు 1942లో కన్నుమూసిన ఈ ఊరి బిడ్డ డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు స్మారకమును చూచి, అంగడిలో రెండు దుప్పట్లు బేరమాడి కొని, వారు బస్సెక్కుదురు. చూచినవన్నియు చూడదగినవే. అయితే ఆ దుప్పట్లు నేయు పేటలు నగరమునకు తూర్పున, పూర్వభాగమని అచ్చటివారు పిలుచుచోట నున్నవనియు, ఆ పేటలలో ఇంటి భాష తెలుగే యనియు దుప్పటి కొన్న తెలుగువారిలోనే పెక్కుమంది యెరుగరు. ఈ ఎరుగమి నన్ను మిక్కిలి బాధించుచున్నది.

నిజాము రాజ్యమునందలి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల పద్మశాలీలు, సీమగుడ్డ వచ్చి మగ్గమునకు పని తప్పింపగా, కరవులు వెన్నంటి తరుమగా, పంతొమ్మిదవ శతాబ్దమునుండి తరతరములుగా ఈ నగరమునకు వలసవచ్చిరి. 1860లో రైలు వచ్చినది. 1870ల దశకమున నూలు మిల్లు వెలసినది. నూలును గిరాకియు ఒక్కచోటనే దొరకుటచేత కొందరు మిల్లు కూలికి కుదురుకొనగా, తక్కినవారు ఇండ్లలోనే మగ్గములు నిలుపుకొనిరి. 1930 ఏప్రిల్ 6న మునిసిపాలిటీ భవనముపై జాతీయపతాకము నెగురవేసిన నగరమిది; ఆ మే మాసముననే ఆంగ్లప్రభుత్వము ఇచట సైనికశాసనమును విధించి, మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ శిందే, శ్రీకృష్ణ సారడా, కుర్బాన్ హుస్సేను అను నలువురిని 1931 జనవరి 12న యెరవాడ చెరసాలలో ఉరితీయించినది. ఆ నలువురి స్మారకమైన హుతాత్మ చౌకులో నిలిచి ఈ గాథను చెప్పువాడు, ఆ దినములలో వీథులకెక్కిన జనములో మిల్లు కార్మికులు వేలకొలది కలరని కూడ చెప్పవలెను. చెప్పి, ఊరకుండక, యాత్రికులను వారి పేటకు తోడుకొని పోవలెను.

అచ్చట చూచుటకేమున్నదని యడుగువారు కలరు. జకార్డు మగ్గము తలపైని రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా కుట్టబడి మాలవలె వ్రేలాడుచుండును. అట్ట యొక్కటి ముందునకు జరుగగానే రంధ్రమున్నచోటి పడుగుపోగు లేచును, లేనిచోటిది అణగియుండును. ఆ సందున నాడె దూసుకొనిపోయి పేకపోగును విడుచును. అట్టలన్నియు ఒక చుట్టు తిరుగునప్పటికి దుప్పటిపై నెమలియో, గోపురమో నిలుచును. దుప్పటిని త్రిప్పివేసి చూడుడు: ఆ నెమలియే రంగులు తారుమారై రెండవ ముఖమున ప్రత్యక్షమగును. లోపల ఈ పని మరమగ్గముల హోరులో సాగుచుండగా, గడపకడ స్త్రీలు చేట ఒడిలో నుంచుకొని, తునికాకును రేకు కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, బీడీ చుట్టి, కొన మడిచి దారము కట్టుచుందురు. ఈ రెండు కష్టములమీదనే పేటలో పెక్కు కుటుంబములు నిలిచియున్నవి. తెలుగు మాట చెవిని బడగానే ఒక ముదుసలి తలయెత్తి, “ఏ ఊరు బిడ్డా మీది?” యని యడుగును, ఏ శిలాశాసనమును మనల నిట్లు పలుకరింపదు.

బీదవాని బ్రతుకును వేడుకగా చూపుట తగదను ఆక్షేపణ గౌరవింపదగినది. అయితే పూర్వభాగమువారు జాలిపడి చూడవలసిన జనులు కారు. వారు విద్యాసంస్థలను, సహకార వైద్యశాలను నెలకొల్పుకొనిరి. తమలోని గంగాధర్ కూచన్‌ను లోక్‌సభకు పంపిరి. బీడీ, మరమగ్గపు కార్మికులు తదితర శ్రామికులు ఏండ్ల తరబడి కోరి సాధించుకొనిన రాయ్‌నగర్ గృహములలో 15,000 ఇండ్లు 2024 జనవరిలో వారికి అప్పగింపబడినవి. ఇట్టివారిని అతిథులవలె పోయి చూడవలెను: ఇంటివారి అనుమతితో, కొద్దిమందిగా, అడుగక ఛాయాచిత్రము తీయక, పోగొట్టిన పనిగంటకు తగిన రుసుము చెల్లించి. కథ చెప్పువాడు ఆ పేటవాడే కావలెను. పానిపట్టున తక్కువ వెలకు నేసిన దుప్పటి షోలాపురపు పేరుతో అమ్ముడుపోవు కాలమున, పెక్కు మరమగ్గములు దుప్పటి విడిచి తువ్వాళ్లకు మరలిన కాలమున, నేతను కన్నులార చూచి కొనిన యాత్రికుడు అసలును గుర్తించు నేర్పుతో ఇంటికి పోవును. షోలాపురపు దుప్పటికి గల భౌగోళిక గుర్తింపు పత్రమొక్కటే ఈ నేర్పు నీయజాలదు.

మహారాష్ట్ర, తెలంగాణ పర్యాటక శాఖలు తలచినచో ఇది కష్టసాధ్యము కాదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహర్షి రథము ఈ వీథులలో ఊరేగును. శరత్కాలమున బతుకమ్మ లాడుదురు. మొదటి యాత్రను ఆ దినములకే కుదుర్చవచ్చును. మూతపడిన మిల్లు ఆవరణలలో ఒకదానియందు గుంటమగ్గమొకటి, జకార్డు మగ్గమొకటి, వానిని ఆడించుటకు జీతమునకు కుదిరిన వృద్ధ నేతగాండ్రు ఇరువురు ఉండినచో, కోట చూచివచ్చిన బస్సు మరి రెండు గంటలు అచ్చట నిలుచుటకు తగిన కారణమేర్పడును. ఆ జీతమునకు కావలసిన సొమ్మును యాత్ర టికెట్టులోనే చేర్చవలెను.