తాత పేరు దొరికిందని తొందరపడకండి

1942లో నాన్న ఓడతో పాటు పోయాడని విన్న పసిబిడ్డకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ తరంలో మాట్లాడగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్లతో పాటే ఓడ పనివాళ్ల మేస్త్రీ అయిన సరంగు పేరూ, మనియార్డరు ఏ రేవు నుంచి వచ్చేదన్న సంగతీ వెళ్లిపోతాయి. అందుకే మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఆత్రంగా వెదుకుతున్నారు. ఆ శ్రద్ధను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆత్రంలో జరిగే నష్టాన్ని తర్వాత పూడ్చలేం కనుక గట్టిగానే చెప్పాలి. రుజువు లేకుండా ఏ పేరునూ మీ తాత పేరుగా ఒప్పుకోకండి. అసలు కాగితాన్ని చెయ్యి దాటనివ్వకండి. పోయినవాడి పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

ఈ చివరి మాట ఎందుకో తిలావా కథ చూస్తే తెలుస్తుంది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ అది. 1942 నవంబరు 20న బొంబాయి నుంచి ఆఫ్రికా తూర్పు తీరానికి, అక్కడి నుంచి డర్బన్‌కు బయలుదేరింది. ప్రయాణికులూ సిబ్బందీ కలిసి 958 మంది. 23వ తేదీ తెల్లవారకముందే జపాన్ జలాంతర్గామి ఐ-29 టార్పెడో వేసింది. ఓడ వెంటనే మునగలేదు. పడవల్లోకి దిగినవాళ్లలో కొందరు మళ్లీ ఓడెక్కారు. అప్పుడు రెండో టార్పెడో తగిలింది. 280 మంది చనిపోయారు. బతికినవాళ్లలో ఎక్కువమందిని బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ కాపాడింది. ఆ మృతులకు ముంబయిలో స్మారక సభ జరిగింది 2022లో, అంటే 80 ఏళ్ల తర్వాత.

ఆ ఓడలో మనుషులతో పాటు వెండి కూడా ఉంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొన్న 2,364 కడ్డీలు. 2017లో ఒక బ్రిటిష్ కంపెనీ వాటిని సముద్రగర్భం నుంచి పైకి తీసింది. వ్యవహారం కోర్టుకెక్కి, 2024 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు దక్షిణాఫ్రికా పక్షాన తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో మృతుల కుటుంబాలు కక్షిదారులే కారు. కాబట్టి ఓడ వెండిలో మీ వాటా ఇప్పిస్తామనీ, యుద్ధ పరిహారం మీ పేరున ఆగిపోయి ఉందనీ, ముందు ఫైలు ఖర్చులు కట్టండనీ ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా వివరాలు అసలే పంపకండి. ఏడుపు ఆరని ఇల్లు మోసగాడికి సులువుగా దొరికే ఇల్లు.

డబ్బు పోవడం ఒక నష్టం. తప్పుడు తాతను తెచ్చుకోవడం అంతకన్నా పెద్ద నష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే అది తరతరాలకు నిలిచిపోతుంది. మన తీరంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ సేనాని ఓజావా నడిపిన నౌకాదళం 20కి పైగా వాణిజ్య నౌకలను ముంచింది. సరిగ్గా అదే కాలంలో బర్మా నుంచి మనవాళ్లు తిరిగొస్తున్నారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు వాళ్లు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బయలుదేరారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు అరకాన్ మీదుగానో, అస్సాం కొండల మీదుగానో నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలమందిని తీసుకుపోయాయి. అలా దారిలో పోయినవాడి గురించి ఇంటికి కబురు రాలేదు. తెలిసినవి రెండే సంగతులు: బర్మా వెళ్లాడు, జపాన్‌వాళ్లు ఓడలు ముంచారు. ఆ రెండూ కలిసి ఇంట్లో ఒక్క కథ అయిపోయి ఉండవచ్చు. మీ ముత్తాత ఓడలో పోయాడని వినిపించినంత మాత్రాన ఓడల జాబితాల్లోకి దూకకండి. ముందు అతడు ఆఖరిసారి ఎక్కడ కనిపించాడో, ఆ మాట ఎవరు చెప్పారో తేల్చుకోండి.

ఓడ పనివాడే అయితే ఒక ఆధారం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయి సముద్రమే సమాధి అయిన అవిభక్త భారత నావికుల పేర్లు, నౌకాదళంలో 400కు పైగా, వాణిజ్య నౌకల్లో దాదాపు 6,000, ముంబయి, చిట్టగాంగ్ స్మారక పుస్తకాల్లో ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వాటిని పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వెదుక్కోవచ్చు. ప్రయాణికుల కోసం మాత్రం అక్కడ చూడకండి, అవి నావికుల పుస్తకాలు. లండన్ టవర్ హిల్ స్మారకంలో పేరు లేదని దిగులుపడకండి. మన కళాసీలకు అక్కడ చోటు దొరకలేదు. యుద్ధంలో బ్రిటిష్ ఓడల బొగ్గు గదుల్లో పనిచేసి చనిపోయినవాళ్లను వేరే పుస్తకంలో రాసిపెట్టుకున్న ఆ పద్ధతిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కష్టపడుతుంది.

ఆ పుస్తకాల్లో ఒక పేరు కనబడుతుంది. అప్పలస్వామి. మీ తాత పేరూ అదే. అక్కడే ఆగాలి. మన ఇళ్లల్లో తాత పేరు మనవడికి పెడతాం, కాబట్టి ఒకే ఊళ్లో అదే పేరుతో అరడజను మంది ఉంటారు. ఇంటిపేరును గుమాస్తా వదిలేసి ఉండవచ్చు, తండ్రి పేరునే ఇంటిపేరుగా రాసి ఉండవచ్చు, తెలుగు పేరును తనకు వినబడినట్టు ఇంగ్లిషులో దించి ఉండవచ్చు. అందుకని తండ్రి పేరు, ఊరు, వయసు, ఓడలో చేసిన పని కలవాలి. సరంగా, తండేలా, కళాసీయా, వంట చేసే భండారీయా? వీటిలో ఏవీ కలవకుండా పేరొక్కటే కలిస్తే వంశవృక్షంలో ‘తెలియదు’ అనే రాయండి. ఆ పేరు గల మనిషికి వేరే ఇల్లు ఉంది, అక్కడ వేరే మనవలు అతడి కోసమే వెదుకుతుండవచ్చు.

ఓడ పేరు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. తిలావా, తాలంబా, తక్లివా, తైరియా అన్నీ ఒకే కంపెనీ ఓడలు. ఎనభై ఏళ్లుగా నోట నలిగిన పేరు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి జారిపోవడం ఏమంత కష్టం కాదు. పైగా యుద్ధకాలపు సెన్సారు వల్ల ఓడ మునిగిన వార్త చాలాసార్లు బయటికే రాలేదు. మద్రాసు నుంచి సింగపూర్ వెళ్లే రజూలా పేరు మన పెద్దవాళ్లకు తెలుసు. దాని జంట ఓడ రోహ్నా. 1943 నవంబరు 26న అల్జీరియా తీరంలో జర్మన్ గ్లైడ్ బాంబు తగిలి మునిగింది. 1,015 మంది అమెరికన్ సైనికులు, వందకు పైగా సిబ్బంది చనిపోయారు. సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే. అంత పెద్ద దుర్ఘటన వివరాలను అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి దాచిపెట్టింది. ఇక సాగరతీరంలోని ఒక పల్లెకు ఆ ఓడ పేరు సరిగ్గా చేరి ఉంటుందని ఎలా అనుకుంటాం?

అందుకే మూలపత్రం దాకా వెళ్లాలి. లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో బీటీ 381 కింద యుద్ధకాలపు సిబ్బంది ఒప్పందాలూ లాగ్ పుస్తకాలూ, బీటీ 334 కింద సముద్రంలో చనిపోయిన నావికుల, ప్రయాణికుల రిజిస్టర్లూ, బీటీ 389 కింద ఓడల రాకపోకల కార్డులూ ఉన్నాయి. మన దగ్గర ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో చాలా ఫైళ్లను ఉచితంగా చూపిస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాలి. నకళ్లకు ఈ సంస్థలు రుసుము తీసుకోవచ్చు, రశీదు ఇస్తాయి. ఆ రుసుముకూ, ఎవరో వ్యక్తి ఫోన్‌లో అడిగే అడ్వాన్సుకూ తేడా గుర్తుంచుకోండి.

ఇంట్లో ఉన్న కాగితం మాటకొస్తే, నావికుడి పుస్తకం చాలావరకు అతడితోనే నీటిపాలై ఉంటుంది. మిగిలేవి మనియార్డరు కూపన్లు, రెండు మూడు ఉత్తరాలు, కంపెనీ పంపిన ఒక చీటీ. దయచేసి వాటిని లామినేషన్ చేయించకండి. ఆ వేడికి సిరా చెడుతుంది, ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. సెల్లోటేపు అంటించకండి. పగటి వెలుతురులో రెండువైపులా ఫోటో తీసి, అసలును చెదలూ తేమా తగలని చోట పెట్టండి. కూపను వెనక ఉన్న తపాలా ముద్ర మీకు చిన్నగా కనిపిస్తుంది గానీ, మనిషి ఏ తేదీన ఏ రేవులో ఉన్నాడో చెప్పగల సాక్ష్యం అదొక్కటే కావచ్చు. పుస్తకం రాస్తాననీ, మ్యూజియంలో పెడతాననీ ఎవరు అడిగినా ఫోటోలే ఇవ్వండి.

ఈ పనులన్నిటికన్నా ముందు ఇంట్లోని పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఈ ఒక్క పనికి మాత్రం వాయిదా పనికిరాదు. మీరు కనిపెట్టిన ఓడ పేరు మీ నోట ముందు రానివ్వకండి. ‘అమ్మమ్మా, మీ నాన్న వెళ్లిన ఓడ తిలావాయేనా?’ అని అడిగితే, మిమ్మల్ని నిరాశపరచలేక ఆవిడ అవునంటుంది. ‘ఆయన వెళ్లిన రోజు సంగతి చెప్పు’ అని అడిగి, ఫోన్‌లో రికార్డు పెట్టి, మధ్యలో సరిదిద్దకుండా వినండి. కబురు ఎవరు తెచ్చారు, కర్మ ఏ నెలలో చేశారు, పక్క ఊళ్లో ఇంకెవరి ఇంట్లో ఆ వారమే ఏడుపు వినిపించింది అనే సంగతులు రాబట్టండి. కర్మ చేసిన నెల తెలిస్తే ఓడ మునిగిన తేదీతో పోల్చవచ్చు. పక్క ఊరి పేరు తెలిస్తే అదే సరంగు వెంట వెళ్లిన ఇంకొక కుటుంబం దొరకవచ్చు, వాళ్ల పెట్టెలో మీకు లేని కాగితం ఉండవచ్చు.