పొయ్యి బాగానే ఉంది, గుళికలే లేవు

మన ఐటీ జనాలకి ఒక జబ్బుంది. ఏదైనా పనిచెయ్యకపోతే ముందు వాడేవాళ్ళని అనుమానిస్తాం. "సరిగ్గా వాడి ఉండరు", "మాన్యువల్ చదివి ఉండరు", "మా మెషీన్లో బాగానే నడుస్తోందే".. అనేసి టికెట్ మూసేస్తాం. ఆఫీసులో అయితే దీనివల్ల మహా పోతే ఒక కస్టమరు పోతాడు. ఇదే బుద్ధిని మనం తీసుకెళ్ళి పల్లెల్లో పొయ్యిల మీద కూడా చూపిస్తున్నాం. అక్కడ పోయేది ఆడవాళ్ళ ఊపిరితిత్తులు. అందుకే ఈ టపా.

విషయం ఏంటంటే, కంపెనీల సీఎస్ఆర్ డబ్బుతో "పొగ రాని పొయ్యిలు" పంచడం మనవాళ్ళకి బాగా నచ్చే కార్యక్రమం. శనివారం పొద్దున బస్సు, అందరికీ ఒకే రంగు టీషర్టు, వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు, చేతిలో మెరిసే స్టీలు పొయ్యి, ఫోటో. సోమవారానికి స్లైడు తయారు. ఏడాది తర్వాత ఆ ఊరికి ఎవరూ వెళ్ళరు. ఒకవేళ ఎవరైనా వెళ్తే ఆ పొయ్యి అటక మీదో, కోళ్ళ గంప పక్కనో కనిపిస్తుంది. దానికి మనవాళ్ళ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: "ఏం చేస్తాం, వాళ్ళకి అవగాహన లేదు. అలవాట్లు మార్చుకోరు."

నేను దీన్ని ఒప్పుకోను. వాళ్ళకి అవగాహన లేకపోవడం కాదు, మనకి రిలయబిలిటీ అంటే ఏంటో తెలియకపోవడం. ఎలాగో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు అమెరికా నుంచి మొదలుపెడదాం, మనకి అలా అయితే తొందరగా ఎక్కుతుంది కదా :) డాలస్ లోనో, న్యూజెర్సీ లోనో ఉన్న మన మిత్రుల పెరట్లో ఈ మధ్య పెల్లెట్ గ్రిల్లు ఒకటి కనిపిస్తోంది. 1980లలో ఆరెగాన్ రాష్ట్రంలో ట్రేగర్ కుటుంబం మొదలుపెట్టిన యంత్రం. 2006లో పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలూ దిగాయి. రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన చిన్న చిన్న గుళికలు ఒక తొట్టిలో పోస్తారు. ఒక మోటరు మరతిప్పుని తిప్పుతుంటే అవి కొంచెం కొంచెంగా మంట గిన్నెలోకి జారతాయి. ఒక కడ్డీ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది. ఒక ఫ్యాను గాలి ఊదుతుంది. పైన ఒక కంట్రోలరు కూర్చుని వేడిని చూసుకుంటూ ఉంటుంది.

వినడానికి బ్రహ్మాండం. వాడేవాళ్ళని అడిగితే కథ వేరు. గుళికలకి తేమ తగిలితే ఉబ్బి పొట్టుగా రాలిపోతాయి, ఆ పొట్టు మరతిప్పులో సిమెంటులా బిగుసుకుంటుంది. బూడిద తియ్యకపోతే అంటుకోదు. అంటించే కడ్డీ కాలిపోతుంది. కరెంటు పోతే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అలాగని దాన్ని చెత్త యంత్రం అనలేం, ఎందుకంటే గుళికల సంచి ఊళ్ళో ఏ పెద్ద కొట్లో అయినా దొరుకుతుంది, కడ్డీ రెండు రోజుల్లో కొరియర్లో వస్తుంది. అదీ ఇదీ కాకపోతే పిజ్జాకి ఫోన్ చేస్తారు. ఆ గ్రిల్లు చెడిపోతే పాడయ్యేది ఒక ఆదివారం సాయంత్రం.. అంతే.

ఇప్పుడు చిన్న లెక్క. ఐదు భాగాలు వరసగా ఆధారపడి ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటీ నూటికి 95 సార్లు పనిచేస్తుంది. మొత్తం యంత్రం ఎన్నిసార్లు పనిచేస్తుంది? 95 కాదు, 77. ఆ ఐదింట్లో ఒకటి, అంటే గుళికల సరఫరా, నూటికి 50 సార్లే ఉందనుకుందాం. మొత్తం 41కి పడిపోతుంది. పొయ్యిలో ఒక్క మేకు కూడా మార్చకుండానే! పొయ్యి తయారుచేసినాయన ల్యాబులో కూర్చుని "నా పొయ్యి బంగారం" అంటూనే ఉంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆయన కొలిచిందే వేరు.

ఇది ఊహ కాదండీ, మన దేశంలో జరిగింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్సు వాళ్ళతో కలిసి బీపీ కంపెనీ "ఊర్జా" అనే గుళికల పొయ్యిని 2006లో బజార్లోకి తెచ్చింది. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలు, ఒకసారి నింపితే గంటసేపు దాదాపు గ్యాసు లాంటి మంట. నిజంగా మంచి ఇంజినీరింగు. తర్వాత బీపీ తప్పుకుని ఆ వ్యాపారం పుణెలోని ఫస్ట్ ఎనర్జీ చేతికి వచ్చింది. 4 లక్షలకు పైగా పొయ్యిలు ఇళ్ళకి అమ్మారు. దానం కాదు, జనం డబ్బులిచ్చి కొనుక్కున్నారు! "అవగాహన లేదు" అనేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

తర్వాత కొందరు పరిశోధకులు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఆ పొయ్యి అమ్మిన ప్రాంతాల్లో 998 ఇళ్ళని సర్వే చేశారు. కొన్న ఇళ్ళల్లో ఇంకా వాడుతున్నవి ఎన్నో తెలుసా? 9 శాతం. కారణం పొయ్యి పగిలిపోవడమో, ఆడవాళ్ళ మొండితనమో కాదు. చాలావరకు గుళికలు. వ్యర్థాలని ఎవరికీ అక్కర్లేనంత కాలమే అవి చవక. బాయిలర్లు, ఇటుక బట్టీలు కూడా అదే పొట్టు కోసం పోటీకొస్తే "వ్యర్థం" కాస్తా సరుకైపోతుంది. ఇళ్ళకి ఇచ్చే ధరలో గుళికలు సరఫరా చెయ్యడం కంపెనీకి గిట్టుబాటు కాలేదు. హోటళ్ళ లాంటి పెద్ద వంటశాలల వైపు వెళ్ళిపోయింది. ఇంట్లో ఉన్నామె చేతిలో స్టీలు డబ్బా మిగిలింది.

ఇప్పుడు పోటీ ఇంకా పెద్దది. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కరెంటు కేంద్రాల్లో బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలని, మొదట 5 శాతం అని, విధానం తెచ్చింది. మంచిదే, పొలాల్లో తగలబెట్టడం తగ్గుతుంది. కానీ మీరే చెప్పండి, టన్నుల లెక్కన కొనే థర్మల్ కేంద్రం ఒక పక్క, కిలో లెక్కన కొనే గిద్దలూరు పిన్ని ఇంకో పక్క నిలబడితే, గుళికలు ఎటు వెళ్తాయి?

గిద్దలూరు పిన్ని అని ఊరికే అనలేదు. మాది మార్కాపురం వైపు. గిద్దలూరు దగ్గర ఊళ్ళో మా పిన్నికి ఇలాంటి ఫ్యాను పొయ్యే ఒకటి ఒక సంస్థ వాళ్ళు ఇచ్చి వెళ్ళారు, రెండు సంచుల గుళికలతో సహా. ఫోన్లో అడిగితే ఆమె రెండు ముక్కల్లో రివ్యూ ఇచ్చేసింది: "పొయ్యి బాగానే ఉంది నాయనా, దానికేసే గుళికలే యాడా దొరకట్లా." మనం నలభై పేజీల పోస్ట్ మార్టం రిపోర్టులో రాసేది కూడా ఇంతే కదా!

ఆమె ఇంటి పక్కన ఏముందో తెలుసా? పత్తి కట్టె కుప్ప. కంది కట్టె. చేను గట్టు మీద కావలసినంత చిల్లకంప. పశ్చిమ ప్రకాశంలో నీళ్ళకి కరువు గానీ కంపకి కరువు లేదు. ఆ పొయ్యి మాత్రం అవేమీ తిననంటుంది. ఆ కట్టెనే ఎండబెట్టి, పొడి చేసి, మిషన్లో నొక్కి, సంచిలో పోసి, లారీలో తెస్తేనే తింటుంది. దీన్ని మన భాషలో వెండర్ లాక్-ఇన్ అంటారు. మన సర్వర్లకి ఇలాంటి కాంట్రాక్టు ఎవరైనా ఇస్తే మనం సంతకం పెడతామా?

"సరే, కానీ పల్లెటూళ్ళలో మెయింటెనెన్సు సంస్కృతి లేదు కదా" అంటారు ఇంకొందరు. దీనికి జవాబు మార్కాపురంలోనే ఉంది. సబ్ మెర్సిబుల్ మోటరు పొయ్యికంటే వంద రెట్లు కష్టమైన యంత్రం. వందల అడుగుల లోతులో, నీళ్ళలో, ఎగుడుదిగుడు వోల్టేజీ మీద తిరుగుతుంది. తరచూ కాలిపోతుంది కూడా. అయినా ఈ ప్రాంతంలో వ్యవసాయం నిలబడింది దాని మీదే. ఎందుకు? కాలిపోయిన మోటర్ని పైకి లాగే మనుషులు ఊళ్ళోనే ఉన్నారు. చుట్టడానికి టౌన్లో వైండింగ్ షాపులున్నాయి. రాగి తీగ ఉంది, బేరింగు ఉంది. మోటరు చెడిపోకపోవడం వల్ల కాదు, చెడిపోయినా రెండు మూడు రోజుల్లో మళ్ళీ తిరగడం వల్ల అది నమ్మకమైన యంత్రం అయింది. చదువు తక్కువైన రైతుకి అర్థమైన ఈ ముక్క, మనకి ఎందుకు అర్థం కాదు?

ఇంకోటి. మన అమ్మమ్మల కాలంలో పొట్టుపొయ్యి ఉండేది, గుర్తుందా? రేకు డబ్బాలో మధ్యన సీసానో రోకలినో నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, తర్వాత దాన్ని మెల్లగా పైకి లాగేస్తే నిలువు గొట్టంలా ఖాళీ ఏర్పడేది. కింది నుంచి అంటిస్తే చాలాసేపు నిలకడగా కాలేది. ఫ్యాను లేదు, బ్యాటరీ లేదు. పొట్టు పక్కనున్న కోత మిల్లులో దొరికేది. పొగ లేదని నేను చెప్పను, ఉండేది. కానీ ఆ డిజైను చేసిన పేరులేని మనిషి ఇంధనం ఎక్కడిదో ముందు చూసుకుని తర్వాత పొయ్యి చేశాడు. మనం పొయ్యి చేసి తర్వాత ఇంధనం వెతుకుతున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే "పాతదే బంగారం" బ్యాచ్ వాళ్ళు వచ్చి నన్ను ఎత్తుకుంటారు. కట్టెల పొయ్యి గొప్పదని నేను అనట్లేదు. అది రోజూ అంటుకుంటుంది, నిజమే, కానీ ఆ నమ్మకానికి బిల్లు కళ్ళకీ ఊపిరితిత్తులకీ పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారు. కాబట్టి పొయ్యి మారాల్సిందే. మారాలి కాబట్టే, మారినట్టు నటించడం మానెయ్యాలి.

నటన కొత్తదేం కాదు. 1980లలో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం 3 కోట్లకు పైగా పొయ్యిలు పంచి 2002లో ఆగిపోయింది. తర్వాత ఒడిశాలో రేమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్ స్టోన్ 2600 పైచిలుకు కుటుంబాలని నాలుగేళ్ళ దాకా గమనించారు. మట్టితో కట్టిన గొట్టం పొయ్యిలు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా మాయం. వాడకం తగ్గింది, మరమ్మతు జరగలేదు. కొలత మొదటి ఏడాదే ఆపేసి ఉంటే? "విజయం" అని స్లైడు వేసేవాళ్ళం!

గ్యాసు సంగతి కూడా ఇదే తర్కంతో చూడండి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల, ఇంటికి పొయ్యిని తెచ్చాయి. కనెక్షన్ రావడం ఇన్స్టాలేషన్ మాత్రమే, అసలు ఆధారం రెండో సిలిండరు డబ్బులు. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఆంధ్రప్రదేశ్ లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. పార్టీ సంగతి పక్కన పెట్టండి, ఇంజినీరుగా నాకు నచ్చింది ఏంటంటే, అది పొయ్యికి కాదు, ఇంధనానికి డబ్బు పెడుతోంది. చాలా ఇళ్ళల్లో గ్యాసు మీద టీ, కూర, బయట కట్టెల మీద వేడినీళ్ళు నడుస్తుంటాయి. దాన్ని మనం వెనకబాటుతనం అంటాం. అదే పని రెండు డేటా సెంటర్లతో చేస్తే ఫెయిలోవర్ అని ప్రమోషన్ ఇస్తాం :)

కాబట్టి మన కంపెనీలో ఈసారి పొయ్యిల కార్యక్రమం మెయిలు వస్తే, చెయ్యెత్తే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

1. దీని ఇంధనం ఆ ఊళ్ళో గానీ, ఆర్టీసీ బస్సులో వెళ్ళొచ్చేంత దూరంలో గానీ ఏడాది పొడుగునా దొరుకుతుందా? ధర ఎవరి చేతిలో ఉంది?

2. ఫ్యానో బ్యాటరీయో పోతే బాగుచేసే మనిషి మార్కాపురంలోనో, కంభంలోనో, గిద్దలూరులోనో ఉన్నాడా? లేకపోతే, ఒక వైండింగ్ షాపు కుర్రాడికి నేర్పించి విడిభాగాలు ఇవ్వడానికి బడ్జెట్ ఉందా?

3. కరెంటు లేకపోతే, గుళికలు లేకపోతే, ఇంట్లో ఉన్న కట్టెతో అది ఎంతో కొంత మండుతుందా?

4. ఏడాది తర్వాత ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యని కూడా అదే స్లైడులో, అదే సైజు అక్షరాలతో వేస్తారా?

వీటికి జవాబు లేకపోతే ఆ డబ్బుతో అదే ఊళ్ళో ఇళ్ళకి గ్యాసు రీఫిల్లు కొనిపెట్టడం నయం. ఫోటో అంత బాగా రాదు, నిజమే. ఖాళీ సిలిండరు పట్టుకుని ఎవరు నవ్వుతారు?

మనం డిప్లాయ్ చేసిన రోజుని విజయం అనం. అర్ధరాత్రి పేజరు మోగకుండా ఏడాది నడిస్తే అప్పుడు అంటాం. గిద్దలూరు వైపు వంటింట్లో కూర్చున్న మనిషికి మాత్రం ఆ కొలత ఎందుకు వద్దు? ఆమె దగ్గర పేజరు లేదు, టికెట్ వెయ్యడానికి పోర్టల్ లేదు. ఆమె వేసే టికెట్ ఒక్కటే, పొయ్యిని అటకెక్కించడం. దాన్ని చదవడం మనమే నేర్చుకోవాలి. ఏమంటారు?