శాసనానికి కాపలా ఎవరు?

ఒక సమాజంలో ఎన్ని చట్టాలున్నాయన్నది దాని మంచితనానికి కొలమానం కాదు. ఎవరూ చూడని చోట వాటిలో ఎన్ని అమలవుతున్నాయన్నదే అసలు కొలమానం. మనిషిని నియమానికి కట్టి ఉంచేవి మూడు: శిక్ష పట్ల భయం, నలుగురిలో సిగ్గు, అంతరంగంలో దైవభీతి. మొదటిదాన్ని ప్రభుత్వం ఏర్పాటు చేయగలదు. మిగిలిన రెండూ ఇంట్లో, వీధిలో, మస్జిద్‌లో రూపుదిద్దుకుంటాయి. ఏళ్ళ తరబడి పిల్లలకు చదువు చెబుతున్న మాకు ఇది అనుభవంలోని సంగతే. బెత్తం భయంతో వచ్చిన క్రమశిక్షణ తరగతి గడప దాటేవరకే నిలుస్తుంది.

మద్య నిషేధాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఆనాటి అరబ్బుల జీవితంలో మద్యం విడదీయరాని భాగం. దివ్యఖుర్ఆన్ దాన్ని ఒక్కనాడే నిషేధించలేదు. మొదట అందులోని ప్రయోజనం కన్నా పాపమే పెద్దదని తెలియజేసింది (2:219). తర్వాత మత్తులో ఉండగా నమాజును సమీపించవద్దని ఆదేశించింది (4:43). ఐదు పూటలా నమాజు చేసేవారికి తాగే వేళలు వాటంతటవే తగ్గిపోయాయి. చివరకు మదీనాలో సంపూర్ణ నిషేధం అవతరించింది (5:90-91). ఆ సమయంలో హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు మద్యం వడ్డిస్తున్నది యువకుడైన హజ్రత్ అనస్ (రజి). వీధిలో చాటింపు వినిపించగానే ఉన్నదంతా పారబోయమని అబూ తల్హా (రజి) చెప్పారు. మదీనా వీధుల్లో మద్యం ప్రవహించింది. ఇళ్ళలో సోదాలు చేయవలసిన అవసరం రాలేదు.

ఇది ఎలా సాధ్యమైందో హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. ముందుగా స్వర్గనరకాలను గుర్తుచేసే సూరాలు అవతరించాయనీ, హృదయాలు స్థిరపడిన తర్వాతే ధర్మసమ్మతం, నిషిద్ధం అన్న ఆదేశాలు వచ్చాయనీ, మొదటే తాగవద్దని అని ఉంటే జనం ససేమిరా అనేవారనీ ఆమె మాటల సారాంశం. శిక్ష లేదని కాదు. ఆ తర్వాత తాగినవారికి శిక్ష కూడా ఉండేది. కానీ అది దారి తప్పిన కొద్దిమంది కోసం.

ఇప్పుడు అమెరికాను చూడండి. రాజ్యాంగాన్నే సవరించి 1920లో అక్కడ మద్య నిషేధాన్ని అమలులోకి తెచ్చారు. పోలీసులు, న్యాయస్థానాలు, జైళ్ళు అన్నీ ఉన్నాయి. అయితే పెద్ద నగరాల్లో అనేకులకు తాగడం సిగ్గుపడవలసిన పనిగా తోచలేదు. రహస్య పానశాలలు వెలిశాయి, దొంగ రవాణాతో ముఠాలు బలిశాయి. 1933లో మరో సవరణతో ఆ నిషేధాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది.

మన గడ్డ మీద జరిగినదీ మరువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం పల్లెపల్లెకూ పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఆదాయ నష్టం, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ రవాణా వంటి కారణాలు అందుకు ఉన్నాయి. అయితే మాకు స్ఫురించే పాఠం ఒకటి ఉంది: కాపలా పని పల్లె తల్లుల చేతిలో ఉన్నప్పుడు దుకాణం మూతపడింది, అది కేవలం అధికారుల ఉద్యోగంగా మారినప్పుడు నిషేధం బలహీనపడింది.

ఇంతవరకూ మద్యం మాట. మనలో చాలామంది దాన్ని ముట్టనివారే గనుక ఇది తమకు సంబంధించిన సంగతి కాదనుకోవచ్చు. అలాగైతే మన ఇళ్ళలోనే అమలు కాని చట్టాన్ని చూద్దాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. కనీసం ఐదేళ్ళ జైలు శిక్ష విధించవచ్చునని ఆ చట్టం చెబుతోంది. ముస్లింలు చెల్లించే మహర్ కట్నం కిందికి రాదని కూడా అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే ఈ విషయంలో దేశ శాసనమూ షరీఅతూ ఒకే మాట చెబుతున్నాయి. మరి మన పెళ్ళిళ్ళలో జరుగుతున్నదేమిటి? ‘జోడే కీ రఖమ్’ నికాహ్‌కు ముందే చేతులు మారుతుంది. మహర్ మాత్రం ‘ఉధార్’ అని నికాహ్‌నామాలో రాసి ఊరుకుంటాం. చెల్లించవలసినది అప్పు, తీసుకోకూడనిది నగదు! "మేమేమీ అడగలేదు, వారే సంతోషంగా ఇచ్చారు" అన్న మాట పెదవులపై సిద్ధంగా ఉంటుంది. ఆ సంతోషం కోసం అమ్మాయి తండ్రి ఎవరి దగ్గర అప్పు చేశాడో ఎవరూ అడగరు.

ఈ చట్టం ఎందుకు నిలవలేదు? శిక్ష చిన్నదై కాదు. మన వీధిలో కట్నం తీసుకున్నవారికి సిగ్గు లేకపోగా గౌరవం దక్కుతోంది గనుక. పెళ్ళికి వెళ్ళివచ్చిన వారిని మనం మొదట అడిగేదేమిటి? "అమ్మాయి వాళ్ళు ఏమిచ్చారు?" అనే కదా! ఆ ఒక్క ప్రశ్న అరవై ఏళ్ళు దాటిన చట్టాన్ని ప్రతి ఇంటా ఓడిస్తోంది. పక్కనే కూర్చున్న పెళ్ళీడు కుమారుడు దాన్ని వింటాడు. తన వెల ఎంతో లెక్కగట్టుకుంటాడు. చిన్న కూతురూ వింటుంది. తాను తండ్రికి ఎంత భారమో నేర్చుకుంటుంది.

అందువల్ల సోదరులారా, సోదరీమణులారా! ఆ ప్రశ్నను మన ఇళ్ళ నుంచి బహిష్కరిద్దాం. దాని స్థానంలో "మహర్ ఎంత? చెల్లించారా?" అని అడుగుదాం. మస్జిద్ పెద్దలు నికాహ్ సమయంలో ఈ మాటను నలుగురి ఎదుటా అడిగితే మరీ మంచిది. అబ్బాయి తల్లి "మాకేమీ వద్దు" అని గట్టిగా అంటే, ఆ మాట ముందు ఏ పెద్దమనిషీ బేరానికి కూర్చోలేడు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిందీ తమ ఊరి వాకిట్లోనే. చట్టం రాసే అధికారం మన చేతిలో లేకపోవచ్చు. దేనికి సిగ్గుపడాలో, దేనిని గౌరవించాలో పిల్లలకు నేర్పే అధికారం మాత్రం పూర్తిగా మనదే. దాన్ని సద్వినియోగం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.