నల్లరాయి – నల్లమనిషి

మా అగళి ప్రాంతమువారికి నల్లరాయి దైవస్వరూపము. చేరువనే యున్న హేమావతిలో, వెయ్యేండ్లకు పూర్వము నొళంబరాజుల కాలమున మలచిన నల్లరాతి స్తంభములను, నందులను చూచినవారు ఆ నునుపును మరువలేరు. అదే నలుపు యూరపు శిల్పుల చేతిలో ఏమైనదో ఇటీవల అక్కడివారే చర్చించుకొనుచున్నారు. మన ఉపాధ్యాయులును, విద్యార్థులును ఆ చర్చకు చెవియొగ్గదగును.

వెనిస్ నగరమున ఫ్రారీ దేవాలయములో జొవాన్ని పెసారో అను పాలకుని స్మారకమున్నది. 1669లో పూర్తియైన ఆ కట్టడమును భుజములపై మోయుచున్నవారు నలుగురు ఆఫ్రికావాసులు. శరీరములు నల్లరాయి, వస్త్రములు తెల్లని చలువరాయి. ఆ వస్త్రములు చినిగిన చోటులలో మోకాళ్లు నల్లగా బయటపడుచున్నవి. రాతిలో చిరుగును చెక్కుట సామాన్యమైన నేర్పు కాదు. కాని పేరు పాలకునిది, బరువు పేరులేనివారిది! మన గుడులలోను బరువు మోయు మరుగుజ్జు గణములు లేకపోలేదు. అయితే వారిని ఫలానా దేశమువారని ఎవరును గుర్తింపలేరు.

ఆ మూర్తియే క్రమముగా కుదించుకొని దీపపుకంబమై, బల్లకాలై, తుదకు నగయై ధనికుల యిండ్లు చేరినది. 2017 డిసెంబరులో బ్రిటిషు రాజకుటుంబపు స్త్రీ యొకరు అట్టి బ్రోచి ధరించి, తల్లివైపున ఆఫ్రికా సంతతికి చెందిన మేగన్ మార్కెల్ వచ్చిన విందునకు వెళ్లి, పిమ్మట క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను.

అందరిని ఒకే గాట కట్టుటయు న్యాయము కాదు. ఫ్రాన్సు తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసిన 1848లోనే షార్ల్ కోర్డియే అను శిల్పి ఒక ఆఫ్రికావాసి ముఖమును మలచి ప్రదర్శించెను. అందు వంగిన మెడ లేదు, మూట లేదు. తరువాత అతడు సూడాను మనిషిని కంచుతో పోసి, అల్జీరియా ఓనిక్స్ రాతిని వస్త్రముగా తొడిగెను. ఆ అల్జీరియా అప్పటికే ఫ్రెంచివారు ఆక్రమించుకొన్న దేశము. గౌరవమునకు వలసిన రాయియు పరుల గనినుండియే వచ్చినదన్నమాట.

తెలుగునేలకు ఆఫ్రికావారు క్రొత్తవారా? నిజాము అశ్వదళమున కొలువుచేసిన సిద్దీల సంతతి హైదరాబాదున నేటికిని ఉన్నది. ఏ.సి. గార్డ్స్ అను పేట పేరులో ‘ఆఫ్రికన్ కావల్రీ’ దాగియున్నదని ఆ దారిన పోవువారిలో ఎందరికి తెలియును? 2016లో బెంగుళూరున టాంజానియా విద్యార్థినిపై గుంపు చేయిచేసికొన్నది. మా ప్రాంతపు పిల్లలు పెద్దచదువులకు పోవునది ఆ బెంగుళూరికే.

ఒకసారి హేమావతికి విద్యార్థులను తీసికొనిపోతిని. నందిని నిమురుచు ఒక బాలిక, “రాయి నల్లగా ఉంటే అందమంటారు, మనిషి నల్లగా ఉంటే ఎందుకనరు సార్?” అని యడిగెను. ముఖము తెల్లబడుటకు ఆమెకు ఇంటివారే లేపనము కొనియిచ్చుచున్నారని తిరుగు ప్రయాణములో తెలిసినది.