వాడిన కీ మళ్లీ వాడొచ్చా?

రెజ్యూమెలో క్వాంటమ్ సర్టిఫికెట్ పెట్టేశారా? మంచిదే. ఒక ప్రశ్న అడుగుతా: ఒకసారి వాడిన ఎన్‌క్రిప్షన్ కీని మళ్లీ వాడొచ్చా?

వన్ టైమ్ ప్యాడ్ అయితే కుదరదు. సోవియట్ వాళ్లు ప్యాడ్ పేజీలను రెండోసారి వాడబట్టే అమెరికా వెనోనా ప్రాజెక్టులో వాళ్ల సందేశాలు కొన్ని చదివేసింది. ఫోటాన్లలో పంపితే కథ వేరు. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే తప్పులు బయటపడతాయి. తప్పుల్లేకపోతే కీ మళ్లీ వాడుకోవచ్చని బెన్నెట్, బ్రాసార్డ్, బ్రైడ్‌బార్ట్ 1982లోనే రాశారు. (పాపం, ఆ పేపర్ అచ్చయింది 2014లో!)

చిక్కంతా నిజమైన ఫైబర్‌తోనే. దొంగ లేకపోయినా అందులో తప్పులొస్తాయి. ఏది నాయిస్, ఏది దొంగ పనో తేల్చలేం. అందుకే ప్రతి తప్పునూ దొంగ ఖాతాలోనే రాసి, ఆ మేరకు కీని కుదించి, కొత్త బిట్లు కలపాలి.

ఈ లెక్కకు కావాల్సినవి ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ఎర్రర్ కరెక్షన్ కోడ్స్. మనం ఇంపార్టెంట్ క్వశ్చన్లతో గట్టెక్కిన సబ్జెక్టులే. నేనూ అంతే లెండి. ఇంకో కోర్సుకు ఫీజు కట్టే ముందు ఆ పుస్తకాలు తెరవండి. పైథాన్‌లో బీబీ84 రాసి, నాయిస్ కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. మామూలు పద్ధతిలో 11 శాతం దగ్గర కీ దాదాపు సున్నా అవుతుంది. ఎందుకో ఇంటర్వ్యూలో బోర్డు మీద వేసి చూపించగలరా?